ఆస్టరిస్క్ అప్‌గ్రేడ్: ఫైళ్లు పదిలం, ఫోన్లు మాత్రం మోగవు

ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే ఆఫీసు ఫోన్ సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాలనగానే చాలామందికి పట్టుకునే భయం, సెట్టింగుల ఫైళ్లు చెరిగిపోతాయేమోనని. అందుకే /ఈటీసీ/ఆస్టరిస్క్ డైరెక్టరీని మొత్తంగా కాపీ చేసి పక్కన పెట్టి, ఇక దిగుల్లేదనుకుని పని మొదలుపెడతారు. నిజానికి ఆస్టరిస్క్ అప్‌గ్రేడ్‌లో ఫైళ్లు చెరిగిపోవడం అరుదు. ఎక్కువగా జరిగేది వేరు. ఫైలు ఉన్నచోటే ఉంటుంది, అందులో అక్షరం కూడా మారదు, కానీ దాన్ని చదివే మాడ్యూలు (ఆస్టరిస్క్‌లో ఒక్కో పనిని చూసుకునే భాగం) కొత్త వెర్షన్‌లో ఉండదు. లేదా, ఒకప్పుడు రాయకపోయినా నడిచిపోయిన సంగతిని ఇప్పుడు విడిగా రాయాల్సి వస్తుంది. లేదా ఆ సెట్టింగు అసలు ఆ డైరెక్టరీలోనే లేదు, ఇంకెక్కడో ఉంది. మూడు సందర్భాల్లోనూ సర్వర్ మామూలుగానే లేచి నిలబడుతుంది, తెర మీద పెద్ద ఎర్రక్షరాలేమీ కనిపించవు. తెల్లవారి పని మొదలయ్యాక ఒక్కొక్క ఫిర్యాదే వస్తుంది.

కాబట్టి బ్యాకప్ తీసుకోవడం పనిలో సగమే. రెండో సగం, పాత సర్వర్ ఏమేం చేస్తోందో రాసిపెట్టుకుని, కొత్తది అవన్నీ చేస్తోందో లేదో పోల్చి చూడటం.

ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు

ఆస్టరిస్క్‌లో రెండు రకాల విడుదలలు ఉంటాయి. దీర్ఘకాల మద్దతు ఉన్నవాటికి 4 ఏళ్లు పూర్తి సవరణలు, ఆపైన ఒక ఏడాది భద్రతా సవరణలు వస్తాయి. మామూలు విడుదలకు ఒక ఏడాది పూర్తి మద్దతు, ఇంకో ఏడాది భద్రతా సవరణలు, అంతే. 16, 18, 20, 22 దీర్ఘకాల మద్దతు రకానివి; వీటిలో 16, 18ల గడువు ఇప్పటికే ముగిసింది. 19, 21 మామూలువి. రోజూ వందల కాల్స్ మోసే సర్వర్‌కు దీర్ఘకాల వెర్షన్లే తగినవి. 18 విడుదలైంది 2020లో, 20 విడుదలైంది 2022లో, 22 విడుదలైంది 2024లో.

ఒకే వెర్షన్ లోపల చిన్న సంఖ్య మారితే సెట్టింగుల గొడవ దాదాపు ఉండదు. 18 నుంచి 20కి వెళ్లడం కూడా జాగ్రత్తగా చేస్తే ఒక సాయంత్రం పని. 20 దాటి పైకి వెళ్లడం మాత్రం అలా కాదు. 21లో, సిప్ (ఇంటర్నెట్ ఫోన్ల భాష) ఫోన్లను సర్వర్‌తో కలిపే పాత చాన్‌సిప్ మాడ్యూల్‌ను పూర్తిగా తీసేశారు, ఒకే వరుసలను పలుచోట్ల నుంచి పిలవడానికి వాడే మాక్రో అప్లికేషన్‌నూ తీసేశారు. పాత సర్వర్లలో సగం డయల్‌ప్లాన్ (ఏ నంబరు నొక్కితే ఏం జరగాలో రాసిన నియమాలు) ఈ రెండింటి మీదే నిలబడి ఉంటుంది. అందువల్ల 13 లేదా 16 నుంచి 22కి ఒక్క గంతులో వెళ్లాలనుకోవడం మంచి ఆలోచన కాదు. మధ్యలో 18 లేదా 20 మీద ఆగి, పాత, కొత్త పద్ధతులు రెండూ పక్కపక్కన పనిచేసే ఆ వెర్షన్ మీదే పాతవన్నీ కొత్తలోకి మార్చుకుని, అప్పుడు 22కి ఎక్కాలి. ఒకేసారి అన్నీ మారిస్తే, ఫోన్ మోగకపోవడానికి కారణం వెర్షనా, మాడ్యూలా, మార్చి రాసిన డయల్‌ప్లానా తేల్చుకోవడం ఎవరి తరమూ కాదు.

ప్రతి విడుదలతోనూ సోర్స్‌లో అప్‌గ్రేడ్ నోట్స్ ఫైలు వస్తుంది. 16 నుంచి 20కి వెళ్తుంటే 20 నోట్స్ ఒక్కటే చదివితే చాలదు. 17, 18, 19వి కూడా చదవాలి. తీసేసిన మాడ్యూళ్ల పేర్లు అక్కడే ఉంటాయి.

సెట్టింగులు ఉండేది ఒక్కచోట కాదు

/ఈటీసీ/ఆస్టరిస్క్‌లో ఉన్నవి చేత్తో రాసిన సెట్టింగులు. సర్వర్ నడుస్తుండగా పుట్టే సెట్టింగులు అక్కడ ఉండవు. వాటిలో ముఖ్యమైనది ఆస్ట్‌డీబీ. /వార్/లిబ్/ఆస్టరిస్క్‌లో ఆస్ట్‌డీబీ.ఎస్క్యూలైట్3 అనే చిన్న ఫైలు ఇది, చాలాసార్లు రెండు మూడు మెగాబైట్లు కూడా ఉండదు. వాడుకరులు ఫోన్ మీద నొక్కి పెట్టుకున్న కాల్ ఫార్వర్డింగ్, డూ నాట్ డిస్టర్బ్, క్యూలో లాగిన్ అయిన ఏజెంట్ల జాబితా, బ్లాక్ చేసిన నంబర్లు, పగలు-రాత్రి మోడ్ ఏ స్థితిలో ఉందన్నది, అన్నీ ఇందులోనే. ఫ్రీపీబీఎక్స్ (ఆస్టరిస్క్‌ను వెబ్ పేజీల ద్వారా నడిపే సాఫ్ట్‌వేర్) వాడే చోట ప్రతి ఎక్స్‌టెన్షన్‌కూ (లోపలి ఫోన్ నంబరుకూ) ఏ పరికరం కలిసి ఉందన్న సమాచారం కూడా ఇక్కడే ఉంటుంది. చాన్‌సిప్ స్థానంలో వచ్చిన పీజేసిప్ మాడ్యూలు అయితే, ఏ ఫోన్ ఏ అడ్రస్ నుంచి రిజిస్టర్ అయిందో కూడా ఇందులోనే దాచుకుంటుంది.

ఈ చివరి సంగతిని కొంచెం దగ్గరగా చూడాలి. ఆస్ట్‌డీబీ లేకుండా కొత్త సర్వర్ లేస్తే, ఫోన్లన్నీ పనిచేస్తున్నట్టే కనిపిస్తాయి. రిసీవర్ ఎత్తి నంబర్ నొక్కితే కాల్ వెళ్తుంది. బయటి నుంచి వచ్చే కాల్ మాత్రం ఆ ఫోన్‌కు చేరదు, ఎందుకంటే ఫోన్ ఎక్కడుందో సర్వర్‌కు తెలియదు. ఫోన్ మళ్లీ రిజిస్టర్ అయ్యేదాకా ఇంతే. చాలా ఫోన్లలో ఆ గడువు 3600 సెకన్లు. అంటే అప్‌గ్రేడ్ తర్వాత గంటసేపు "వెళ్లేవి వెళ్తున్నాయి, వచ్చేవి రావడం లేదు" అన్న పరిస్థితి. ఈ కారణం తెలియక నెట్‌వర్క్‌నూ ఫైర్‌వాల్‌నూ కెలికి, బాగున్నవాటిని పాడుచేసుకుంటారు. ఆస్ట్‌డీబీని తెచ్చిపెట్టుకోవడం ఒక మందు. ఫోన్లన్నిటినీ ఒకసారి రీబూట్ చేయించడం ఇంకో మందు.

ఆస్టరిస్క్ నడుస్తుండగా ఈ ఫైలును మామూలుగా కాపీ చేస్తే సగం రాసిన స్థితిలో దొరకొచ్చు. సర్వీస్ ఆపి కాపీ చేయాలి, లేదా ఎస్క్యూలైట్3 పనిముట్టులో ఉన్న బ్యాకప్ ఆదేశంతో తీయాలి. దీంతోపాటు కన్సోల్‌లో «డేటాబేస్ షో» కొట్టి ఆ జాబితాను టెక్స్ట్ ఫైలుగా కూడా దాచుకోవాలి, కంటితో పోల్చుకోవడానికి. 1.8 అంత పాత సర్వర్ అయితే ఇంకో చిక్కు ఉంది: అప్పట్లో ఆస్ట్‌డీబీ బర్కిలీ డీబీ రూపంలో ఉండేది, ఎస్క్యూలైట్3కు మారింది 10వ వెర్షన్‌లో. ఆ మార్పిడికి 10వ వెర్షన్ సోర్స్‌లోనే ఆస్ట్‌డీబీ2ఎస్క్యూలైట్3 అనే పనిముట్టు వచ్చింది.

వాయిస్‌మెయిల్ సందేశాలు /వార్/స్పూల్/ఆస్టరిస్క్ కింద ఉంటాయి, ఇది అందరికీ తెలిసిందే. పిన్ నంబర్ల సంగతే చాలామందికి తట్టదు. వాడుకరి ఫోన్ నుంచి పిన్ మార్చుకుంటే ఆస్టరిస్క్ మామూలుగా వాయిస్‌మెయిల్.కాన్ఫ్ ఫైలునే తిరగరాస్తుంది. సెట్టింగులను గిట్ వంటి చోట దాచుకునే క్రమశిక్షణ ఉన్నవాళ్లే ఇక్కడ దెబ్బతింటారు: ఆరు నెలల కిందటి ఫైలును కొత్త సర్వర్‌లో పెడితే ఆలోపు పిన్ మార్చుకున్న ప్రతి ఒక్కరూ తమ మెయిల్‌బాక్స్ బయటే నిలబడతారు. బ్యాకప్ ఎప్పుడూ నడుస్తున్న సర్వర్ నుంచి, మార్పిడికి ముందు క్షణాల్లో తీసినదై ఉండాలి.

మిగిలినవి త్వరగా చెప్పుకోవచ్చు. సొంతంగా రికార్డు చేయించిన స్వాగత సందేశాలు, ఏజీఐ స్క్రిప్టులు (డయల్‌ప్లాన్ నుంచి పిలిచే బయటి ప్రోగ్రాములు), హోల్డ్ సంగీతం /వార్/లిబ్/ఆస్టరిస్క్ కింద ఉంటాయి. టీఎల్ఎస్ (కాల్ సంకేతాలను గుప్తంగా పంపే పద్ధతి) సర్టిఫికెట్లు సాధారణంగా /ఈటీసీ/ఆస్టరిస్క్/కీస్‌లో ఉంటాయి. డేటాబేస్‌తో కలిపే ఓడీబీసీ సెట్టింగులు /ఈటీసీలో రెండు ఫైళ్లలో ఉంటాయి, ఆస్టరిస్క్ డైరెక్టరీ బయట. డీజియం తరహా టెలిఫోన్ లైన్ కార్డులున్న చోట, వాటి డ్రైవర్ అయిన దాడీ సెట్టింగులుండే /ఈటీసీ/దాడీ. ఫోన్లకు సెట్టింగులు పంపే టీఎఫ్‌టీపీ డైరెక్టరీ. క్రాన్ పనులు. ఫైర్‌వాల్ నియమాలు. దాడి చేసే అడ్రస్‌లను ఆపే ఫెయిల్‌టుబ్యాన్ ఫిల్టర్లు. డేటాబేస్‌లోని కాల్ రికార్డులు. రికార్డు చేసిన కాల్స్ పదుల గిగాబైట్లు ఉంటాయి కాబట్టి వాటిని సెట్టింగుల బ్యాకప్‌తో కలపకుండా ఆర్‌సింక్‌తో ముందే తరలించడం మొదలుపెట్టాలి. మార్పిడి రాత్రికి తేడా ఉన్నవి మాత్రమే మిగులుతాయి.

కాపీ చేసేటప్పుడు ఫైళ్ల యజమాని, అనుమతులు కూడా రావాలి. వేరే మెషిన్‌కు వెళ్తే అక్కడ ఆస్టరిస్క్ అనే యూజర్‌కు వేరే సంఖ్య ఉండొచ్చు. అప్పుడు ఫైళ్లు ఉంటాయి కానీ ఆస్టరిస్క్ వాటిలో రాయలేదు: కాల్ రికార్డింగ్ ఆగిపోతుంది, వాయిస్‌మెయిల్ సందేశం నిలవదు. తరలింపు తర్వాత యాజమాన్యాన్ని ఒకసారి సరిచేయడం తప్పనిసరి. ఫ్రీపీబీఎక్స్‌లో «ఎఫ్‌డబ్ల్యూకన్సోల్ చోన్» ఈ పనే చేస్తుంది.

పాత సర్వర్ ప్రవర్తనను నమోదు చేసుకోవడం

అప్‌గ్రేడ్‌కు ముందు, పని వేళల్లో, కన్సోల్ నుంచి కొన్ని జాబితాలు తీసి ఫైళ్లుగా దాచుకోవాలి. ఏయే మాడ్యూళ్లు లోడ్ అయ్యాయో «మాడ్యూల్ షో» చెబుతుంది. «డయల్‌ప్లాన్ షో» చివరి వరుసలో ఎన్ని ఎక్స్‌టెన్షన్లు, ఎన్ని ప్రయారిటీలు, ఎన్ని కాంటెక్స్టులు అన్న లెక్క ఉంటుంది. అప్‌గ్రేడ్ తర్వాత ఈ మూడు సంఖ్యలూ సరిపోకపోతే ఏదో ఒక ఇన్‌క్లూడ్ ఫైలు చదవలేదని వెంటనే తెలుస్తుంది. ఫోన్ల జాబితా, ట్రంక్ (బయటి ఫోన్ ప్రొవైడర్‌తో కలిపే లైను) రిజిస్ట్రేషన్లు, «కోర్ షో హింట్స్», «క్యూ షో», «వాయిస్‌మెయిల్ షో యూజర్స్», «ఓడీబీసీ షో», కోడెక్ మార్పిడుల పట్టిక కూడా తీసిపెట్టుకోవాలి. అప్‌గ్రేడ్ అయ్యాక ఇవే ఆదేశాలు మళ్లీ కొట్టి డిఫ్ వేస్తే, ఎవరూ ఫోన్ చేసి ఫిర్యాదు చేయకముందే సగం లోపాలు బయటపడతాయి. బ్యాకప్ మీద పెట్టే శ్రమలో పదో వంతు దీని మీద పెట్టినా ఫలితం ఎక్కువ.

సోర్స్ నుంచి కట్టే చోట

మేక్ ఇన్‌స్టాల్ పాత సెట్టింగుల జోలికి రాదు. వచ్చేది మేక్ శాంపిల్స్. కొత్త ఇన్‌స్టాలేషన్ కోసం రాసిన సూచనలను అప్‌గ్రేడ్‌కు కూడా అలాగే అనుసరించేవాళ్లు ఈ ఆదేశం కొట్టేస్తారు. అప్పుడు ఒక్కో ఫైలూ నమూనా ఫైలుగా మారిపోతుంది. పాతదాన్ని చివర ఓల్డ్ అనే పేరు తగిలించి పక్కన పెడుతుంది కానీ, అది ఒక్క కాపీయే. కొత్త ఫైలులో నాలుగు మార్పులు చేసి, మళ్లీ మేక్ శాంపిల్స్ కొడితే ఆ ఓల్డ్ ఫైలు మీద కూడా కొత్తది పడి అసలుది పోతుంది. అప్‌గ్రేడ్‌లో ఈ ఆదేశం అవసరమే లేదు. నమూనాలు చూడాలంటే సోర్స్‌లోని కాన్ఫిగ్స్ డైరెక్టరీలో ఉంటాయి, అక్కడ చదువుకోవచ్చు. మేక్ కాన్ఫిగ్ కూడా జాగ్రత్తగా వాడాలి: అది సర్వీస్‌ను మొదలుపెట్టే స్క్రిప్టును మార్చేస్తుంది, ఏ యూజర్ పేరుతో నడవాలన్న పాత మార్పులు అందులో ఉంటే పోతాయి.

ఏయే మాడ్యూళ్లు కట్టాలో ఎంచుకున్న జాబితా మెనూసెలెక్ట్.మేక్‌ఆప్ట్స్ ఫైలులో ఉంటుంది. పాత సోర్స్ డైరెక్టరీని ఎవరో తుడిచేసి ఉంటే, ఎప్పుడో చేత్తో టిక్ పెట్టిన ఎంపీ3 సంగీతం, ఓడీబీసీ వాయిస్‌మెయిల్ నిల్వ వంటివి కొత్త బిల్డ్‌లో ఉండవు. ఓడీబీసీ నిల్వ వాడేచోట ఇది మరీ ప్రమాదం: మాడ్యూలు మామూలు రకంగా లేచి డిస్కులో వెతుకుతుంది, అక్కడ ఏమీ ఉండదు కాబట్టి అందరి మెయిల్‌బాక్సులూ ఖాళీగా కనిపిస్తాయి. సందేశాలు డేటాబేస్‌లో క్షేమంగానే ఉంటాయి.

కట్టే వరుస కూడా ముఖ్యం. పీఆర్ఐ (ఒకే డిజిటల్ లైనులో చాలా కాల్స్ మోసే రకం) లైన్లున్న సర్వర్‌లో ముందు దాడీ, తర్వాత లిబ్‌పీఆర్ఐ, ఆఖరున ఆస్టరిస్క్. కాన్ఫిగర్ నడిచే సమయానికి లిబ్‌పీఆర్ఐ కనబడకపోతే, దాడీ చానల్ మాడ్యూలు పీఆర్ఐ లేకుండానే చక్కగా కంపైల్ అవుతుంది. తప్పు అని ఎక్కడా చెప్పదు. కెర్నల్ మారినా దాడీని మళ్లీ కట్టాల్సిందే.

పాత మాడ్యూళ్ల సమస్య వేరు. /యూఎస్ఆర్/లిబ్/ఆస్టరిస్క్/మాడ్యూల్స్‌లో (కొన్ని సిస్టమ్‌లలో లిబ్64) పాత వెర్షన్ ఫైళ్లు మిగిలిపోతే మేక్ ఇన్‌స్టాల్ చివర్లో పెద్దగా హెచ్చరిస్తుంది. ప్రతి మాడ్యూల్‌లోనూ బిల్డ్ ఎంపికల నుంచి లెక్కకట్టిన ఒక ముద్ర ఉంటుంది; అది సరిపోలకపోతే ఆ మాడ్యూల్‌ను లోడ్ చేయనని లాగ్‌లో రాసి వదిలేస్తుంది. ఆ డైరెక్టరీని పేరు మార్చి పక్కన పెట్టి, ఖాళీ డైరెక్టరీలో ఇన్‌స్టాల్ చేయడం శుభ్రమైన పద్ధతి. అయితే విడిగా కొన్న జీ.729 కోడెక్ వంటి బైనరీలు కూడా అక్కడే ఉండేవి కాబట్టి, వాటికి కొత్త వెర్షన్‌కు తగిన ఫైళ్లను ముందే తెచ్చిపెట్టుకోవాలి. ఆ కోడెక్ లేకపోతే ట్రంక్ రిజిస్టర్ అవుతుంది, ఫోన్ మోగుతుంది, మాట మాత్రం కలవదు.

మాడ్యూల్స్.కాన్ఫ్‌లో ఆటోలోడ్‌ను ఆపి, కావలసిన మాడ్యూళ్లను ఒక్కొక్కటిగా రాసుకున్న సర్వర్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి. 12వ వెర్షన్ నుంచి రెండు కాల్స్‌ను కలిపే పని బ్రిడ్జ్ మాడ్యూళ్లకు వెళ్లింది. 11 నాటి జాబితాలో అవి ఉండవు. ఆ జాబితాతో కొత్త వెర్షన్ నడిపితే ఫోన్ మోగుతుంది, ఎత్తుతారు, ఎత్తగానే తెగిపోతుంది.

డేటాబేస్‌లో సెట్టింగులు పెట్టుకునే రియల్‌టైమ్ పద్ధతి వాడితే పట్టికల ఆకారం కూడా మారాలి. దానికి సోర్స్‌లో కాంట్రిబ్ కింద ఏఎస్‌టీ-డీబీ-మేనేజ్ డైరెక్టరీ ఉంది, అలెంబిక్ అనే పైథాన్ పనిముట్టుతో నడుస్తుంది. డేటాబేస్ డంప్ తీసుకున్నాకే «అలెంబిక్ అప్‌గ్రేడ్ హెడ్» కొట్టాలి. ఇది మరిచిపోతే, ఫోన్ల కాంటాక్టులు దాచే పట్టికలో కొత్త కాలమ్ లేక రాత విఫలమై, పాస్‌వర్డ్ సరైనదే అయినా ఫోన్లు రిజిస్టర్ కావు.

చాన్‌సిప్ నుంచి పీజేసిప్‌కు

అసలు శ్రమంతా ఇక్కడే. చాన్‌సిప్‌ను 17లో వాడుక తగ్గించాల్సిన జాబితాలో చేర్చారు, 19లో డిఫాల్ట్‌గా కట్టడం మానేశారు, 21లో తీసేశారు. సిప్.కాన్ఫ్ ఎంత భద్రంగా దాచుకున్నా 22లో దాన్ని చదివేవాళ్లు లేరు. సోర్స్‌లో సిప్_టు_పీజేసిప్ అనే పైథాన్ స్క్రిప్ట్ ఉంది. అది మంచి తొలి ప్రతిని ఇస్తుంది, అంతవరకే. దాని ఫలితాన్ని యథాతథంగా వాడకూడదు.

సిప్.కాన్ఫ్‌లో ఒక ఫోన్‌కు ఒకే విభాగం ఉండేది. పీజేసిప్.కాన్ఫ్‌లో అదే ఫోన్‌కు ఎండ్‌పాయింట్ (ఫోన్ సెట్టింగులు), ఆథ్ (పాస్‌వర్డు), ఏఓఆర్ (ఫోన్ ఏ అడ్రస్‌లో దొరుకుతుందో) అని మూడు విభాగాలు. ట్రంక్ అయితే ఐడెంటిఫై, రిజిస్ట్రేషన్ కూడా. డిఫాల్టులు వేరుగా ఉండటమే చిక్కులన్నిటికీ మూలం. ఏఓఆర్‌లో మ్యాక్స్_కాంటాక్ట్స్ రాయకపోతే దాని విలువ 0, అంటే ఏ ఫోన్‌నూ రిజిస్టర్ కానివ్వదు. ఏఓఆర్ పేరు ఫోన్‌లో రాసిన యూజర్ పేరే అయి ఉండాలి; ఎండ్‌పాయింట్ 100, ఏఓఆర్ 100-ఏఓఆర్ అని అందంగా పేరు పెట్టుకుంటే ఏఓఆర్ దొరకలేదని రిజిస్ట్రేషన్ తిప్పికొడుతుంది. క్వాలిఫై=యెస్ అన్న పాత వరుసకు బదులు ఏఓఆర్‌లో క్వాలిఫై_ఫ్రీక్వెన్సీ సెకన్లలో రాయాలి. రాయకపోతే 0, అంటే ఫోన్ బతికుందో లేదో సర్వర్ అడగదు. రౌటర్ వెనక ఉన్న ఫోన్‌కు దారి మూసుకుపోతుంది. న్యాట్ (రౌటర్ చేసే అడ్రస్ మార్పిడి) ఉన్న చోట రైట్_కాంటాక్ట్, ఆర్‌టీపీ_సిమెట్రిక్ రెండూ డిఫాల్ట్‌గా నో. వీటిని యెస్ చేయకపోతే ఒక వైపే మాట వినిపించే పాత జబ్బు తిరగబెడుతుంది. ఎక్స్‌టర్న్ఐపీ, లోకల్‌నెట్ సెట్టింగులు ట్రాన్స్‌పోర్ట్ విభాగంలోకి వెళ్తాయి. ట్రాన్స్‌పోర్ట్‌లో మార్పులు మామూలుగా రీలోడ్‌తో అమలుకావు, ఆస్టరిస్క్‌ను రీస్టార్ట్ చేయాలి.

పాస్‌వర్డ్ లేకుండా ఐపీ అడ్రస్ చూసి కాల్స్ ఇచ్చే ట్రంకులకు పాత ఫైలులో ఇన్‌సెక్యూర్=పోర్ట్,ఇన్వైట్ అని ఉండేది. కొత్తదానిలో ఐడెంటిఫై విభాగంలో ఆ ప్రొవైడర్ అడ్రస్‌లన్నీ ఇవ్వాలి. ఒక్క అడ్రస్ మరిచినా, ఆ దారిలో వచ్చే కాల్స్ మాత్రమే "సరిపోలే ఎండ్‌పాయింట్ లేదు" అని పడిపోతాయి. పది కాల్స్‌లో మూడు రాకపోవడం, ఏడు రావడం అన్న విచిత్రం వెనక ఎక్కువగా ఇదే ఉంటుంది.

ఫైలు మార్చడంతో పని అయిపోదు. సిప్/100 అన్న మాట డయల్‌ప్లాన్ నిండా ఉంటుంది. స్క్రిప్ట్ డయల్‌ప్లాన్‌ను ముట్టుకోదు. ఫోన్లకు పీజేసిప్/100 అని మార్చడం తేలికే. ట్రంకుకు వరుస తలకిందులవుతుంది: పాతది సిప్/ట్రంక్/నంబర్, కొత్తది పీజేసిప్/నంబర్@ట్రంక్. ఒకే ఎక్స్‌టెన్షన్‌కు రెండు ఫోన్లు రిజిస్టర్ అయి ఉంటే పీజేసిప్/100 వాటిలో ఒక్కదాన్నే మోగిస్తుంది. అన్నీ మోగాలంటే పీజేసిప్_డయల్_కాంటాక్ట్స్ ఫంక్షన్ వాడాలి. సిప్‌యాడ్‌హెడర్ బదులు పీజేసిప్_హెడర్ ఫంక్షన్ వచ్చింది, దాన్ని డయల్‌లోని చిన్న అక్షరం బీ ఆప్షన్ ద్వారా బయటికి వెళ్లే చానల్ మీద నడపాలి. హింట్ వరుసలు మార్చకపోతే ఎవరు కాల్‌లో ఉన్నారో చూపే బీఎల్ఎఫ్ దీపాలు ఫోన్ల మీద వెలగవు. క్యూస్.కాన్ఫ్‌లోని సభ్యులు, ఏజీఐ స్క్రిప్టులు, క్లిక్ చేసి కాల్ చేసే సాఫ్ట్‌వేర్, కాల్ ఫైళ్లు, నివేదికల్లో చానల్ పేరును సిప్/ తో వెతికే క్వెరీలు, ఇవన్నీ వెతకాలి. ఫైళ్లన్నీ వెతికినా దొరకని చోటు ఒకటి ఉంది. క్యూలో లాగిన్ అయి ఉన్న ఏజెంట్ల పేర్లు ఆస్ట్‌డీబీలో సిప్/100 అనే దాగి ఉంటాయి. అప్‌గ్రేడ్ తర్వాత వాళ్లు జాబితాలో కనిపిస్తారు, కాల్ మాత్రం అందదు. మార్పిడి రాత్రి ఏజెంట్లందరినీ క్యూ నుంచి లాగౌట్ చేయించి, మళ్లీ లాగిన్ చేయించడమే తేలిక దారి.

మాక్రో సంగతి దీనికి తోడు. మాక్రో పిలిచే వరుస 21 తర్వాత ఎదురైతే లాగ్‌లో అలాంటి అప్లికేషన్ లేదని ఒక వరుస పడుతుంది, కాల్ అక్కడే తెగుతుంది. దాని స్థానంలో గోసబ్ వాడాలి: గోసబ్(పేరు,ఎస్,1(మొదటి విలువ,రెండో విలువ)) అన్న రూపంలో. ఏఆర్‌జీ1, ఏఆర్‌జీ2 అలాగే అందుతాయి, కానీ మాక్రో_ఎక్స్‌టెన్ వంటి చలరాశులు ఉండవు, అవి కావాలంటే విలువగా పంపుకోవాలి. ప్రతి దారి చివరా రిటర్న్ రాయాలి. మాక్రో అన్న పదాన్ని వెతికి మార్చినంత మాత్రాన సరిపోదు. డయల్‌లో పెద్ద అక్షరం ఎం ఆప్షన్ కూడా మాక్రోనే పిలుస్తుంది, ఆ పదం ఆ వరుసలో కనిపించదు. దానికి బదులు పెద్ద అక్షరం యూ ఆప్షన్.

చప్పుడు లేకుండా ఆగిపోయేవి ఇంకొన్ని. సీడీఆర్_మైఎస్క్యూఎల్ 19లో పోయింది, దాని బదులు అడాప్టివ్ ఓడీబీసీ. మార్చుకోకపోతే కాల్స్ నడుస్తాయి, బిల్లింగ్ రికార్డు ఒక్కటీ రాదు, నెలాఖరుకు గానీ తెలియదు. రికార్డింగ్‌కు మానిటర్ వాడేవాళ్లు మిక్స్‌మానిటర్‌కు మారాలి. 12 నుంచి లివ్_డేంజరస్‌లీ డిఫాల్ట్‌గా నో, అందువల్ల బయటి సాఫ్ట్‌వేర్ మేనేజర్ ఇంటర్‌ఫేస్ ద్వారా షెల్ వంటి ఫంక్షన్లు పిలిస్తే తిరస్కరిస్తుంది. దాన్ని యెస్ చేయడం కంటే ఆ సాఫ్ట్‌వేర్‌ను సరిచేయడమే మంచిది. ఫెయిల్‌టుబ్యాన్ ఫిల్టర్ చాన్‌సిప్ లాగ్ వాక్యాలకు రాసినదైతే పీజేసిప్ వాక్యాలను గుర్తుపట్టదు. దాడి చేసేవాళ్లు పాస్‌వర్డులు ప్రయత్నిస్తూనే ఉంటారు, ఒక్క అడ్రస్ కూడా బ్లాక్ కాదు. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ టీఎల్ఎస్ 1.2 కంటే కిందివాటిని ఒప్పుకోకపోతే పాత డెస్క్ ఫోన్లు టీఎల్ఎస్ మీద చేరలేవు.

ఫ్రీపీబీఎక్స్ ఉంటే

ఇక్కడ /ఈటీసీ/ఆస్టరిస్క్‌లోని ఫైళ్లలో చాలావరకు డేటాబేస్ నుంచి పుట్టినవే. ప్రతి రీలోడ్‌కూ తిరిగి రాస్తుంది. పేరు చివర కస్టమ్ అని ఉన్న ఫైళ్లు మాత్రమే చేతిరాతకు. ఎక్స్‌టెన్షన్స్_అడిషనల్ ఫైలులో ఎవరైనా చేత్తో మార్పు చేసి ఉంటే అది అప్‌గ్రేడ్‌కు ముందే, మొదటి రీలోడ్‌కే పోయి ఉంటుంది. వెబ్ మాడ్యూళ్ల పీహెచ్‌పీ ఫైళ్లలో చేసిన మార్పులు మాడ్యూలు అప్‌డేట్‌తో పోతాయి.

ఫ్రీపీబీఎక్స్ 16 నుంచి 17కి అదే మెషిన్ మీద అప్‌గ్రేడ్ లేదు. 16 డిస్ట్రో సెంటోస్ 7 పునాది మీద ఉంది, దాని మద్దతు 2024 జూన్ 30తో ముగిసింది. 17 నడిచేది డెబియన్ 12 మీద. కొత్త మెషిన్‌లో 17 పెట్టి, పాతదాని బ్యాకప్‌ను అందులో రీస్టోర్ చేయాలి. బ్యాకప్ మాడ్యూలు తనకు తెలిసిన మాడ్యూళ్ల సమాచారాన్నే మోస్తుంది. సొంత ఏజీఐ స్క్రిప్టులు, వేరే చోట పెట్టుకున్న ఫైళ్లు బ్యాకప్‌లోని కస్టమ్ ఫైళ్ల జాబితాలో చేర్చాలి, లేదా విడిగా తరలించాలి. 17లో వచ్చే ఆస్టరిస్క్ 21 లేదా 22; రెండింటిలోనూ చాన్‌సిప్ లేదు. అందుకే చాన్‌సిప్ ఎక్స్‌టెన్షన్లను పాత 16 సర్వర్ మీదే పీజేసిప్‌గా మార్చి, ఒక వారం నడిపి, ఆ తర్వాత బ్యాకప్ తీయాలి. «ఎఫ్‌డబ్ల్యూకన్సోల్ కన్వర్ట్2పీజేసిప్» ఈ మార్పిడి చేస్తుంది. పోర్టులు చూసుకోవాలి: రెండూ నడిచే చోట ఒకటి 5060 మీద, ఇంకొకటి 5160 మీద ఉంటాయి. మార్చిన ఎక్స్‌టెన్షన్ ఫోన్ ఇంకా పాత పోర్టుకే వెళ్తుంటే రిజిస్టర్ కాదు. రీస్టోర్ అయ్యాక సిప్ సెట్టింగుల్లో బయటి ఐపీ, లోకల్ నెట్‌వర్కులు పాత మెషిన్‌వే ఉంటాయి, అవి సరిచేయాలి.

మార్పిడి రాత్రి

వర్చువల్ మెషిన్ అయితే స్నాప్‌షాట్, ఇనుప డబ్బా అయితే డిస్క్ ఇమేజ్. అంతకంటే మంచిది పాత సర్వర్‌ను క్లోన్ చేసి, ఆ క్లోన్ మీద ముందుగా అప్‌గ్రేడ్ చేసి చూడటం. అయితే క్లోన్‌ను నెట్‌వర్క్‌లో అలాగే లేపకూడదు. అందులో ట్రంక్ యూజర్ పేరు, పాస్‌వర్డు ఉన్నాయి. లేవగానే ప్రొవైడర్ దగ్గర రిజిస్టర్ అవుతుంది, ఆ క్షణం నుంచి బయటి కాల్స్ అసలు సర్వర్‌కు కాక క్లోన్‌కు వెళ్తాయి. నెట్‌వర్క్ కార్డు తీసేసి లేపి, ట్రంక్ రిజిస్ట్రేషన్లు, వాయిస్‌మెయిల్ ఈమెయిళ్లు, క్రాన్ పనులు ఆపాకే నెట్‌వర్క్ కలపాలి.

నడుస్తున్న సర్వర్‌ను ఆపేటప్పుడు «కోర్ స్టాప్ గ్రేస్‌ఫుల్లీ» కొడితే కొత్త కాల్స్ తీసుకోదు, ఉన్నవి పూర్తయ్యాక ఆగుతుంది. ఆ తర్వాతే ఆస్ట్‌డీబీ, వాయిస్‌మెయిల్, డేటాబేస్‌ల చివరి కాపీ.

లేచాక పరీక్షలు చేతితో చేయాలి. లోపలి కాల్, బయటికి వెళ్లే కాల్, బయటి నుంచి వచ్చే కాల్ ప్రతి ట్రంక్ మీదా, ఐవీఆర్‌లో (ఫలానా అంకె నొక్కమని చెప్పే రికార్డు స్వాగతంలో) అంకెలు నొక్కడం, హోల్డ్, ట్రాన్స్‌ఫర్, వాయిస్‌మెయిల్‌లో సందేశం పెట్టి, పాత పిన్‌తో వినడం, క్యూకు కాల్, రికార్డింగ్ ఫైలు పుట్టిందా, కాల్ రికార్డు డేటాబేస్‌లో పడిందా, అత్యవసర నంబరుకు దారి డయల్‌ప్లాన్‌లో ఉందా. ఒక కాల్‌ను 15 నిమిషాలకు మించి నిలిపి ఉంచడం కూడా చేయాలి. సెషన్ టైమర్ల తేడాలు, న్యాట్ గడువులు చిన్న కాల్స్‌లో బయటపడవు.

వెనక్కి వెళ్లే నిర్ణయానికి ఒక గడువు ముందే పెట్టుకోవాలి, ఎందుకంటే కొత్త సర్వర్ నడిచిన ప్రతి గంటా వెనక్కి వెళ్లడం కష్టమవుతుంది. స్నాప్‌షాట్‌కు తిరిగితే ఈలోపు వచ్చిన వాయిస్‌మెయిళ్లు, రికార్డింగులు, కాల్ రికార్డులు, మార్చుకున్న పిన్‌లు అన్నీ పోతాయి. రాత్రి వెనక్కి వెళ్లాల్సి వస్తే స్నాప్‌షాట్ ఒక్కటే చాలు. మర్నాడు మధ్యాహ్నం వెళ్లాల్సి వస్తే, ముందు కొత్త సర్వర్ నుంచి స్పూల్ డైరెక్టరీ, వాయిస్‌మెయిల్.కాన్ఫ్, కాల్ రికార్డుల పట్టికలోని కొత్త వరుసలు తీసి పక్కన పెట్టి, అప్పుడు పాతదాన్ని లేపి వాటిని అందులో కలపాలి. అలెంబిక్ నడిపిన డేటాబేస్‌ను పాత ఆస్టరిస్క్ కింద అలాగే ఉంచకుండా, ముందు తీసిన డంప్‌నే తిరిగి పెట్టాలి. ఆస్ట్‌డీబీని మాత్రం కొత్తదాని నుంచి పాతదానికి తేకూడదు. ఏజెంట్ల పేర్లు అందులో ఇప్పుడు పీజేసిప్ రూపంలో ఉంటాయి, చాన్‌సిప్ మీదే నడిచే పాత సర్వర్‌కు అవి పనికిరావు.